చేతి వణుకుకు మాత్రలా, డీబీఎస్సా, కోత లేని వైద్యమా? నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ళ కోసం ఒక పోలిక

చేతులు వణుకుతున్నాయంటే మన వైపు వినిపించే సలహాలు రెండే. "వయసైపోయింది, ఓర్చుకోవాల్సిందే" అనేది ఒకటి. రెండోది ఫోన్లలో తిరిగే వీడియో. టీ గ్లాసు పట్టుకోలేని పెద్దాయన, డాక్టర్ మెషిన్ ఆన్ చేయగానే ఒక్క చుక్క ఒలకకుండా తాగేస్తాడు. మొదటి మాట నమ్మినవాళ్ళు ఏళ్ళ తరబడి ఊరికే కూర్చుంటారు. వీడియో చూసినవాళ్ళు అరెకరం అమ్మైనా సరే మద్రాసు పోదామంటారు.

వీడియో అబద్ధం కాదు. ఆ వైద్యం పేరు డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, పొట్టిగా డీబీఎస్. అంటే మెదడులో సన్నని తీగ పెట్టి కరెంటు ఇవ్వడం. సరైన మనిషికి చేస్తే వణుకు నిజంగానే అలా ఆగుతుంది. కాకపోతే ఆ అర నిమిషానికి ముందు ఏ పరీక్షలు జరిగాయో, తర్వాత ఎన్ని నెలలు ఆసుపత్రికి తిరిగారో అందులో కనపడదు. కావలి నుంచో కనిగిరి నుంచో తిరగాల్సిన కుటుంబానికి అసలు లెక్క అక్కడే ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డీబీఎస్ గురించి అడిగేవాళ్ళలో చాలామంది మాత్రలనే ఇంకా సరిగ్గా వాడి చూడలేదు. మాత్రలు నిజంగా పనిచేయని వాళ్ళేమో ఖర్చుకు భయపడి వాయిదా వేస్తూ, ఆపరేషన్‌కు తగిన వయసు దాటిపోనిస్తున్నారు.

ముందు తేలాల్సింది: ఇది ఏ వణుకు?

వైద్యం ఎంచుకునే ముందు వణుకు ఏ రకమో తేలాలి. ఎక్కువగా కనిపించేవి రెండు.

ఎసెన్షియల్ ట్రెమర్‌లో చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే వణకదు. గ్లాసు ఎత్తినప్పుడు, సంతకం పెట్టేటప్పుడు, చారన్నం కలిపి ముద్ద నోటి దాకా తెచ్చేటప్పుడు వణుకుతుంది. సాధారణంగా రెండు చేతులకూ ఉంటుంది. కొందరికి తల అడ్డంగా ఊగుతుంది, గొంతు వణుకుతుంది. చాలా ఇళ్ళల్లో తాతకో అమ్మకో కూడా ఉండి ఉంటుంది. ఒక పెగ్గు వేసుకుంటే కాసేపు తగ్గుతుంది కూడా. అందుకే కొందరు అదే మందనుకుని అలవాటు చేసుకుంటారు. అసలు తాగనివాళ్ళను చూసి ఊళ్ళో "పొద్దున్నే వేసుకొచ్చాడు" అనుకోవడం ఇంకో తలనొప్పి.

పార్కిన్సన్ వణుకు దీనికి పూర్తిగా తలకిందులు. టీవీ చూస్తూ చెయ్యి ఊరికే పెట్టుకున్నప్పుడు వణుకుతుంది, పని మొదలుపెడితే తగ్గుతుంది. ముందు ఒక పక్కే మొదలవుతుంది. దానితోపాటు నడక నెమ్మదిస్తుంది, ఒళ్ళు బిగుసుకుంటుంది, చేతిరాత చిన్నదవుతూ పోతుంది.

ఈ రెండూ కాని వణుకులూ ఉన్నాయి, వాటికి ఆపరేషన్ ఆలోచనే అక్కర్లేదు. థైరాయిడ్ ఎక్కువైతే చేతులు వణుకుతాయి. ఆస్తమాకు వాడే సాల్బ్యుటమాల్, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్, మానసిక సమస్యలకిచ్చే లిథియం వణుకు తెప్పిస్తాయి. మన దగ్గర మందుల షాపులో అడిగి తెచ్చుకునే గ్యాస్ మాత్రల్లో కొన్నింటిలో లెవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. తల తిరుగుడికి నెలల తరబడి మింగే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్ ఉన్నాయి. ఇవి పెద్దవాళ్ళలో అచ్చం పార్కిన్సన్ లాంటి లక్షణాలు తెచ్చిపెట్టగలవు. డాక్టర్ వాటిని ఆపిస్తే చాలామందిలో కొన్ని వారాలకో నెలలకో తగ్గుతుంది. నలభై ఏళ్ళ లోపు వాళ్ళకు వణుకు వస్తే విల్సన్ జబ్బు, అంటే ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు ఉందేమో కూడా చూస్తారు. కాబట్టి మొదటి మెట్టు న్యూరాలజిస్ట్ దగ్గర. ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్ దగ్గరికి పోయేది ఆ తర్వాతే.

దేన్ని బట్టి పోల్చాలి

వణుకు ఎంత తగ్గుతుందన్న దాన్ని మాత్రమే చూస్తే అన్ని వైద్యాలూ బాగానే కనిపిస్తాయి. నేనైతే ఈ ప్రశ్నలు వేస్తాను. ఒక చేతికి తగ్గితే చాలా, రెండు చేతులూ కావాలా? తేడా వస్తే వెనక్కి తీసుకోగలమా? ఎన్నిసార్లు ఊరు దాటి పోవాలి, వెంట ఎవరొస్తారు? ఇప్పటి ఖర్చు సరే, ఐదేళ్ళ తర్వాత ఖర్చెంత? మతిమరుపు, గుండె జబ్బు, రక్తం పలచబడే మందులు ఏవైనా ఉన్నాయా?

వీటన్నిటి కంటే ముందు, వణుకు ఏ పనికి అడ్డం వస్తోందో ఇంట్లోనే కొలుచుకోండి. రూళ్ళు లేని కాగితం మీద చెయ్యి ఆనించకుండా మధ్య నుంచి బయటికి నత్తగుల్లలా చుట్లు గీయించండి. డాక్టర్లు చేయించే పరీక్షే ఇది. ఎసెన్షియల్ ట్రెమర్ ఉంటే గీత రంపపు పళ్ళలా వస్తుంది. పార్కిన్సన్‌లో చుట్లు చిన్నవై ఒకదానికొకటి ఇరుక్కుంటాయి. తర్వాత స్టీలు గ్లాసుకు ముప్పావు నీళ్ళు పోసి ఒక చేత్తో తాగమనండి. పాస్‌బుక్‌లో సంతకం లాంటిదే మూడుసార్లు పెట్టించండి. అదంతా ఫోన్‌లో వీడియో తీసి, కాగితం మీద తేదీ వేసి దాచుకోండి. మందు పనిచేస్తోందా లేదా అన్నది "కొంచెం పర్వాలేదు" అనే మాట కంటే ఆ కాగితాలే బాగా చెబుతాయి.

మాత్రలు

ఎసెన్షియల్ ట్రెమర్‌కు ముందు వరస మందులు రెండు: ప్రొప్రనొలాల్, ప్రిమిడోన్. పని చేసినవాళ్ళకు వణుకు సుమారు సగం తగ్గుతుంది. పూర్తిగా పోవడం అరుదు. ప్రొప్రనొలాల్ ఆస్తమా ఉన్నవాళ్ళకు పనికిరాదు. నాడి బాగా నెమ్మదిగా ఉన్నవాళ్ళకూ ఇవ్వరు. షుగర్‌కు ఇన్సులిన్ వాడేవాళ్ళలో షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ లాంటి హెచ్చరికల్ని అది కప్పేస్తుంది. ఉన్నట్టుండి మానేయకూడదు కూడా. ప్రిమిడోన్ మొదటి డోసుకే తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం మామూలు. అందుకే చాలా తక్కువ డోసుతో రాత్రిపూట మొదలుపెడతారు. మనవాళ్ళు రెండు రోజులకే "ఈ మందు పడలేదు" అని పక్కన పడేస్తారు. వారాల మీద డోసు పెంచుకుంటూ పోతేగాని అది పనిచేసేదీ లేనిదీ తెలియదు.

పార్కిన్సన్‌కు లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్రే ఇప్పటికీ పెద్ద దిక్కు. మన షాపుల్లో సిండోపా పేరుతో ఎక్కువ మందికి తెలుసు. వణుకు కోసమని ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్, అంటే పాసిటేన్, వయసు మళ్ళినవాళ్ళలో మతిమరుపు, తికమక, మూత్రం సరిగా రాకపోవడం తెస్తుంది. డెబ్బై దాటిన మనిషి చీటీలో అది ఉంటే డాక్టర్‌ను ఒక మాట అడగండి.

తల ఊగుడికి, గొంతు వణుకుకు మాత్రలు అంతగా పనిచేయవు. అక్కడ బొటాక్స్ ఇంజక్షన్ ఒక దారి, మూడు నెలలకోసారి వేయించుకోవాలి. చేతికి వేస్తే పట్టు సడలిపోయే ఇబ్బంది ఉంది.

డీబీఎస్: ఆపరేషన్ ఒక రోజు, సెట్టింగ్ నెలలు

1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబ్ల్‌లో అలీం లూయి బెనబిద్ అనే న్యూరోసర్జన్ వణుకు తగ్గించడానికి మెదడులో థాలమస్ అనే చోట చిన్న మచ్చను కాల్చే పాత ఆపరేషన్ చేస్తున్నాడు. కాల్చేముందు చోటు సరైనదో కాదో చూడటానికి కరెంటు ఇస్తే, సెకనుకు వందసార్ల దగ్గర వణుకు ఆగిపోయింది. కాల్చడమెందుకు, తీగనే అక్కడ ఉంచేద్దామన్న ఆలోచన అలా పుట్టింది. 1997లో అమెరికాలో వైద్యాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ వణుకుకు, 2002లో పార్కిన్సన్ మిగతా లక్షణాలకు దీన్ని అనుమతించింది.

తలకు ఫ్రేము బిగించి, స్కాన్‌లు తీసి, పుర్రెకు చిన్న రంధ్రం చేసి సన్నని తీగను లోపలికి పంపుతారు. ఎసెన్షియల్ ట్రెమర్‌కు అది థాలమస్‌లోని విమ్ అనే చోటికి, పార్కిన్సన్‌కు ఎక్కువగా సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌కు చేరాలి. చాలాచోట్ల ఈ ఘట్టంలో మనిషి మెలకువగానే ఉంటాడు. చెయ్యి చాపమంటారు, చుట్లు గీయమంటారు, మాట్లాడిస్తారు. తర్వాత మత్తు ఇచ్చి చర్మం కింద నుంచి వైరు దించి, కాలర్ బోన్ కింద ఛాతీలో బ్యాటరీ పెడతారు.

ఆపరేషన్ అయిన వెంటనే, మెషిన్ ఆన్ చేయకముందే వణుకు తగ్గినట్టు కనిపిస్తుంది. తీగ దిగిన చోట వాపు వల్ల అది. కొన్ని రోజులకు వణుకు తిరిగొస్తే ఆపరేషన్ ఫెయిల్ అయిందని ఏడవనక్కర్లేదు. అసలు మెషిన్ సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల తర్వాత ఆన్ చేస్తారు.

అప్పుడు మొదలవుతుంది అసలు పని. డాక్టర్ టాబ్లెట్ కంప్యూటర్ ముందు పెట్టుకుని కరెంటు కొంచెం కొంచెం పెంచుతూ పోతారు. "చెయ్యి చాపండి. వేలు ముక్కుకు తాకించండి. ఇప్పుడు మాట్లాడండి." ఒక స్థాయిలో వణుకు ఆగుతుంది. ఇంకాస్త పెంచితే వేళ్ళు జివ్వుమంటాయి, నాలుక మొద్దుబారి మాట ముద్దగా వస్తుంది. తగ్గిస్తారు, తీగ మీద ఇంకో కాంటాక్టుకు మారుస్తారు, మళ్ళీ మొదలు. ఒకసారి కూర్చుంటే గంట, రెండు గంటలు పట్టొచ్చు. సరైన సెట్టింగ్ కుదరడానికి మూడు నుంచి ఆరు నెలల్లో చాలాసార్లు పోవాలి. అందుకే సర్జన్ పేరు ఎంత పెద్దదో కనుక్కునే ముందు, ఆ ఆసుపత్రిలో ప్రోగ్రామింగ్, అంటే ఈ సెట్టింగ్ పని, చేసేదెవరు, ఆయన వారంలో ఎన్ని రోజులుంటారు అని కనుక్కోండి. పరికరం కంపెనీ మనిషి వచ్చిన రోజే చేస్తామంటే ఇంకోచోట కూడా అడగండి.

లాభాలు గట్టివే. ఎసెన్షియల్ ట్రెమర్‌లో మాత్రలకు లొంగని చేతి వణుకు సగానికి మించి తగ్గుతుంది. రెండు వైపులా చేయొచ్చు. జబ్బు ముదిరితే సెట్టింగ్ మార్చొచ్చు, వద్దనుకుంటే ఆపేయొచ్చు, తీసేయొచ్చు. ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్నవాళ్ళు రాత్రిపూట ఆఫ్ చేసుకుని బ్యాటరీ ఆదా చేసుకోవచ్చు. పార్కిన్సన్ వాళ్ళు అలా చేయకూడదు. వాళ్ళలో మెషిన్ ఉన్నట్టుండి ఆగితే ఒళ్ళు కొయ్యబారి ప్రమాదంలో పడొచ్చు.

నష్టాలూ చెప్పుకోవాలి. మెదడులో రక్తస్రావం అరుదే గాని లేదనలేం. ఇన్‌ఫెక్షన్ అంతకంటే ఎక్కువ మందిలో వస్తుంది, వస్తే పరికరం తీసేయాల్సి రావచ్చు. రెండు వైపులా చేసినవాళ్ళలో మాట తడబాటు, నడకలో తూలుడు ఎక్కువ. కొందరిలో ఏళ్ళు గడిచేకొద్దీ ఫలితం కొంత తగ్గుతుంది. పార్కిన్సన్ జబ్బును ఇది ఆపదు. లెవోడోపా వేసుకున్నా తగ్గని పడిపోవడం, మతిమరుపు డీబీఎస్‌తోనూ తగ్గవు. వణుకు ఒక్కటే దీనికి మినహాయింపు, మాత్రకు తగ్గకపోయినా కరెంటుకు తగ్గొచ్చు.

మన ప్రాంతంలో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. మోకాళ్ళ నొప్పులకు, నడుం నొప్పికి ఫిజియోథెరపీ సెంటర్లలో షార్ట్‌వేవ్ డయాథెర్మీ అనే కరెంటు కాపడం పెడుతుంటారు. డీబీఎస్ ఉన్న మనిషికి అది ఒంట్లో ఎక్కడ పెట్టినా తీగ కొన వేడెక్కి మెదడు కాలిపోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఇది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. రెండోది చేపల వేటకు పోయే పట్టపోళ్ళకూ, రొయ్యల గుంటల్లో దిగేవాళ్ళకూ. 2019లో జ్యూరిచ్ డాక్టర్లు తొమ్మిది మంది పార్కిన్సన్ పేషెంట్ల గురించి రాశారు. బాగా ఈత వచ్చినవాళ్ళే, డీబీఎస్ తర్వాత నీళ్ళలో చేతులు కాళ్ళు కలిసి ఆడక ఈదలేకపోయారు. వాళ్ళలో ముగ్గురు మెషిన్ ఆఫ్ చేసి చూస్తే ఈత వెంటనే తిరిగొచ్చింది. అందరికీ ఇలా అవుతుందని కాదు. కానీ ఆపరేషన్ తర్వాత మొదటిసారి నీళ్ళలోకి ఒంటరిగా దిగకూడదు.

ఫోకస్డ్ అల్ట్రాసౌండ్

కోత లేదు, తీగ లేదు, బ్యాటరీ లేదు. ఎంఆర్ఐ మెషిన్‌లో పడుకోబెట్టి, తలకు హెల్మెట్ లాంటిది తొడిగి, దానిలోని వెయ్యికి పైగా అల్ట్రాసౌండ్ కిరణాల్ని థాలమస్‌లో ఒక్క చుక్క దగ్గర కలుపుతారు. భూతద్దంతో ఎండను ఒకచోట చేర్చి కాగితం కాల్చినట్టే, ఆ చుక్క మాత్రం వేడెక్కి మాడుతుంది. మనిషి మెలకువగా ఉంటాడు. మధ్యమధ్యలో చుట్లు గీయించి చూస్తారు. ముందు గుండు కొట్టించాలి. తిరుమల మొక్కున్న ఇళ్ళల్లో దీనికి ఎవరూ బాధపడరనుకోండి.

అమెరికా 2016లో ఎసెన్షియల్ ట్రెమర్‌కు దీన్ని ఒక వైపుకు అనుమతించింది. ఆ అనుమతికి ఆధారమైన 76 మంది ట్రయల్‌లో మూడు నెలలకు చేతి వణుకు స్కోరు 47 శాతం తగ్గింది, ఏడాదికి అది 40 శాతం దగ్గర నిలిచింది. నడకలో తేడా 36 శాతం మందికి, తిమ్మిరి 38 శాతం మందికి వచ్చింది. ఏడాది తర్వాత కూడా 9 శాతానికి నడక, 14 శాతానికి తిమ్మిరి మిగిలాయి. మాడిన చోటు తిరిగి రాదు, ఆఫ్ చేసే స్విచ్ లేదు. రెండో వైపును కొన్ని నెలలు ఆగి చేయడానికి 2022లో అనుమతి వచ్చింది గాని, తూలుడు, మాట తేడా భయం వల్ల ఆచితూచి చేస్తారు.

ఇంకో మెలిక పుర్రె. కొందరి ఎముక అల్ట్రాసౌండ్‌ను లోపలికి సరిగా పోనివ్వదు. సీటీ స్కాన్‌తో ఇది ముందే తెలిసిపోతుంది. మన దేశంలో ఈ మెషిన్ ఉన్న చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి ఇంటిల్లిపాదీ బయల్దేరకముందే, ఎలాంటి సీటీ కావాలో ఫోన్‌లో అడిగి తీయించి పంపండి.

గామా నైఫ్, పాత థాలమాటమీ

గామా నైఫ్‌లో అదే చుక్కను రేడియేషన్‌తో దెబ్బతీస్తారు. రంధ్రం లేదు కాబట్టి రక్తం పలచబడే మందులు ఆపలేని గుండె పేషెంట్లకు, బాగా వయసైనవాళ్ళకు ఇది పనికొస్తుంది. ఫలితం కోసం నెలలు ఆగాలి. వణుకు ఆగిందో లేదో అప్పటికప్పుడు చూసుకునే వీలూ లేదు. కొద్దిమందిలో రేడియేషన్ ప్రభావం అనుకున్నదానికంటే ఎక్కువ పాకి బలహీనత తెస్తుంది.

పుర్రెకు రంధ్రం చేసి సూది కొనతో కాల్చే పాత థాలమాటమీ ఒక వైపుకు ఇప్పటికీ మంచి వైద్యమే. పరికరం ఖర్చు లేదు. చెన్నైలో డాక్టర్ బి. రామమూర్తి బృందం ఇలాంటి ఆపరేషన్లకు 1960లలోనే పేరు తెచ్చుకుంది.

| | మాత్రలు | డీబీఎస్ | ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ | గామా నైఫ్ |
|---|---|---|---|---|
| కోత | లేదు | ఉంది | లేదు | లేదు |
| రెండు చేతులకూ | అవును | అవును | ఎక్కువగా ఒకటే | ఒకటే |
| ఫలితం ఎప్పుడు | వారాల్లో | ఆన్ చేశాక, సెట్టింగ్ కుదిరేకొద్దీ | అదే రోజు | నెలల తర్వాత |
| వెనక్కి తీసుకోవడం | మానొచ్చు | ఆపొచ్చు, మార్చొచ్చు | కుదరదు | కుదరదు |
| ఆసుపత్రికి తిరుగుడు | తక్కువ | చాలా ఎక్కువ | తక్కువ | తక్కువ |
| తర్వాతి ఖర్చు | నెలనెలా మందులు | బ్యాటరీ మార్పు | పెద్దగా లేదు | పెద్దగా లేదు |

ఎవరికి ఏది

యాభై ఐదేళ్ళ మనిషి, ఉదయగిరి చెక్క గరిటెలు చెక్కడమో, నెల్లూరులో బంగారం పనో, రెండు చేతులూ ఆడితేనే కూలి గిట్టే పని. ఎసెన్షియల్ ట్రెమర్. రెండు మందులూ పూర్తి డోసులో వాడినా లాభం లేదు. ఇలాంటివాళ్ళకు నా ఓటు డీబీఎస్‌కే. తిరిగే ఓపికా, ముందున్న ఏళ్ళూ ఉన్నాయి.

డెబ్బై ఎనిమిదేళ్ళ పెద్దామె, ఒంగోలులో ఒంటరిగా ఉంటుంది, కొడుకు అమెరికాలో. అన్నం తినే కుడిచేయి ఆడితే చాలంటుంది. ప్రోగ్రామింగ్‌కు నెలకోసారి ఎవరు తీసుకుపోతారు? ఒక వైపు అల్ట్రాసౌండో, స్టెంటు మందులు వాడుతుంటే గామా నైఫో నయం. నడకలో ఇప్పటికే తూలుడు ఉంటే మాత్రం ఏ ఆపరేషన్‌కైనా రెండోసారి ఆలోచించాలి.

పార్కిన్సన్ వచ్చి ఎనిమిదేళ్ళయిన రైతు. మాత్ర వేసుకుంటే బాగుంటాడు, రెండున్నర గంటలకు దిగిపోతుంది, మధ్యలో ఒళ్ళు మెలికలు తిరుగుతుంది. డీబీఎస్ నుంచి ఎక్కువ లాభపడేది ఈయనే. ముందు రోజు రాత్రి నుంచి మందు ఆపి, పొద్దున లెవోడోపా ఇచ్చి తేడా కొలిచే పరీక్ష చేస్తారు. కనీసం మూడో వంతు మెరుగైతే దారి తెరిచినట్టే. జ్ఞాపకశక్తి, మనసు బాగోగులు కూడా చూస్తారు. మతిమరుపు బాగా ఉంటే వద్దంటారు, ఆ మాట వింటే మంచిది. డెబ్బై, డెబ్బై ఐదు దాటాక చాలామంది డాక్టర్లు వెనకాడతారు. కాబట్టి మరీ సాగదీయకండి.

వణుకు ఉన్నా పనికి అడ్డం రాని మనిషికి ఏదీ వద్దు. మూత ఉన్న గ్లాసు, బరువైన చెంచా, టెన్షన్ పడే చోట్లకు పోయేముందు డాక్టర్ చెప్పినట్టు ఒక ప్రొప్రనొలాల్ మాత్ర, ఇవి చాలు.

డబ్బు, దూరం

డీబీఎస్ ప్రైవేటులో సుమారు పది లక్షలకు అటూ ఇటూ అవుతుంది. అందులో పెద్ద వాటా పరికరానిదే. మామూలు బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్ళు వస్తుంది, తర్వాత చిన్న ఆపరేషన్‌తో మార్చాలి. రీచార్జబుల్‌ది పదిహేనేళ్ళ దాకా వస్తుంది, మొదట ఖరీదెక్కువ. దాన్ని ఛాతీ మీద ఛార్జర్ పెట్టుకుని క్రమం తప్పకుండా ఛార్జ్ చేసుకోవాలి. ఆ పని చేసుకోగలిగితేనే తీసుకోండి. మొదటి ఖర్చు ఒక్కటే లెక్కేసి మామూలుది పెట్టించుకుని, నాలుగేళ్ళకు మళ్ళీ అప్పు వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోకండి.

హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్‌హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర ప్రభుత్వ రంగ సంస్థలు, డీబీఎస్ చేస్తాయి. అక్కడ వరస కోసం ఆగాల్సి ఉంటుంది. నెల్లూరు వాళ్ళకు చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, పొద్దున పోయి రాత్రికి ఇంటికి రావొచ్చు. ఒంగోలు వాళ్ళు విజయవాడ, హైదరాబాద్ వైపు కూడా చూస్తారు. నా లెక్కలో ఆరు నెలలు హాయిగా తిరగగలిగిన ఊరే మంచి ఊరు. కొత్త పరికరాల్లో కొన్నింటికి ఇంటర్నెట్ ద్వారా దూరం నుంచే సెట్టింగ్ మార్చే వీలుంది. ఆ ఆసుపత్రి దాన్ని నిజంగా వాడుతోందా అని అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోకముందే అడగాలి. సీఎం సహాయ నిధికి దరఖాస్తు పెట్టాలనుకుంటే, పరికరం ధర, ఆసుపత్రి ఖర్చు విడివిడిగా ఉన్న ఎస్టిమేట్ రాయించుకోండి. బ్యాటరీ రకం, వారంటీ ఎన్నేళ్ళు, మార్చేటప్పుడు ఎంతవుతుంది అన్నవి కూడా అదే కాగితం మీద ఉండాలి.